నీళ్లు కలిస్తే రాయి తొందరగా కరుగుతుందట, పైకొస్తే గడ్డకడుతుందట. అర్థమయ్యేలా ఎవరైనా చెప్తారా?

ఎమ్మెస్సీ_తిప్పలు
నిన్న వైవాలో పరువు పోయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగింది ఒక్కటే ప్రశ్న. "700 డిగ్రీల దగ్గర గ్రానైట్ మాగ్మా ఉంది, పట్టినంత నీళ్లు పట్టేసి ఉంది, ఏడు కిలోమీటర్ల లోతు నుంచి వేడి తగ్గకుండా నాలుగు కిలోమీటర్ల లోతుకి ఎక్కింది, ఏమవుతుంది?" ఇంకా పల్చబడుతుంది సార్ అన్నాను. ఒత్తిడి తగ్గితే రాయి కరుగుతుందని డిగ్రీ నుంచీ చదువుతున్నదే కదా. ఆయన నవ్వి "గడ్డకడుతుంది, ఇక వెళ్లు" అన్నారు. ఎందుకో చెప్పలేదు. హాస్టల్‌కొచ్చి నోట్సు తిరగేస్తే "నీరు ద్రవీభవన స్థానాన్ని తగ్గిస్తుంది" అని ఒక్క లైను, దాని కింద గీత. అసలు నిప్పులాంటి మాగ్మాలో నీళ్లు ఉండడమేంటి, ఉన్నా రాయిని కరిగించడమేంటి?

బండరాముడు
నిప్పు మీద నీళ్లు పోస్తే ఆరాలి, ఇక్కడేమో కరుగుతోంది. జియాలజీ వాళ్లతో వచ్చిన చిక్కే ఇది, అన్నీ తిరకాసు.

రిటైర్డ్_కెమిస్ట్రీ
ముందు నీళ్లంటే బిందెలో నీళ్లు గుర్తు తెచ్చుకోవడం మానెయ్ బాబూ. ఉప్పు నీళ్లలో కలిసిపోయినట్టు ఇక్కడ నీళ్లు కరిగిన రాయిలో కలిసిపోయి ఉంటాయి, బుడగ కూడా కనబడదు. సిలికేట్ ద్రవం అంటే సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు చేతులు పట్టుకుని అల్లుకున్న వల. నీటి అణువు వచ్చి ఒక ఆక్సిజన్ వంతెనని తెంపి, తెగిన రెండు కొసలకీ చెరో హైడ్రాక్సిల్ తగిలిస్తుంది. వల వదులవుతుంది. ఇక కరిగే వేడి సంగతి: గడ్డకట్టేటప్పుడు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు ఈ నీళ్లని లోపలికి రానివ్వవు. అంటే నీళ్లు ద్రవంలోనే ఉంటాయి, ద్రవాన్నే సుఖపెడతాయి. స్ఫటికానికి ఏ లాభమూ లేదు. కాబట్టి ద్రవంగా ఉండడమే ఇంకా తక్కువ వేడిలో కూడా గిట్టుబాటు. మంచు మీద ఉప్పు చల్లితే సున్నా కిందకి పోయినా కరగడం లేదూ? అదే లెక్క.

ఎమ్మెస్సీ_తిప్పలు
అది సరే మాస్టారూ, కానీ నీళ్లు ఎంతుంటాయి, నాలుగు శాతం, ఆరు శాతం. అంత కొంచెం దానికి వందల డిగ్రీలు తగ్గడమంటే నమ్మబుద్ధి కావట్లేదు.

రిటైర్డ్_కెమిస్ట్రీ
శాతం అన్నావు, దేని శాతం? బరువు శాతం. అక్కడే అందరూ బోల్తా పడతారు. కాగితం తీసుకో. ఆల్బైట్ అనే సోడా ఫెల్డ్‌స్పార్‌తో చేద్దాం, తేలిక. అణుభారం 262. నీటిది 18. వంద గ్రాముల ద్రవంలో నీళ్లు 6 గ్రాములు, ఆల్బైట్ 94. ఆరుని పద్దెనిమిదితో భాగిస్తే 0.333 మోల్. తొంభై నాలుగుని 262తో భాగిస్తే 0.359 మోల్. చూశావా, తలలు లెక్కపెడితే దాదాపు సగానికి సగం నీళ్లే! తూకంలో ఆరు శాతం, తలల లెక్కలో 48. పొడి ఆల్బైట్ 1118 దగ్గర కరుగుతుంది, కరిగించే వేడి మోల్‌కి సుమారు 64 కిలోజౌళ్లు. ఈ అంకెలు మామూలు ఘనీభవన స్థాన సూత్రంలో వేస్తే 970 వస్తుంది.

లావా_లెక్కలు
మాస్టారూ 970 కాదు, ప్రయోగంలో 2 కిలోబార్ల (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు రెండు వేల రెట్లు) నీటి ఒత్తిడి దగ్గర ఆల్బైట్ కరిగేది 850 చుట్టుపక్కల. అంత ఒత్తిడిలో దానికి పట్టే నీళ్లు కూడా మీరు తీసుకున్న ఆరు శాతమే. 120 డిగ్రీలు ఎక్కడో తప్పాయి.

రిటైర్డ్_కెమిస్ట్రీ
నిజమే. ఎక్కడ తప్పాయో నువ్వే చెప్పమ్మా, నేను పాఠం చెప్పింది ఇంటర్ పిల్లలకి.

లావా_లెక్కలు
మీరు పైన చెప్పిన మాటలోనే ఉంది. ఒక నీటి అణువు రెండు హైడ్రాక్సిల్‌లు అవుతుంది, కాబట్టి ఒక్క అణువు రెండు అణువుల పని చేస్తుంది. ఆల్బైట్ క్రియాశీలత (ద్రవంలో లెక్కకొచ్చే దాని వాటా) అంటే మీరు నీళ్ల 48 శాతం పోగా మిగిలిన 0.52 పెట్టారు, దాన్ని వర్గం చేసి 0.27 పెట్టండి. బర్న్‌హామ్ అనే ఆయన 1970ల్లో ఆల్బైట్-నీళ్ల మీద కట్టిన మోడల్ ఇదే. అదే సూత్రంలో 0.27 వేస్తే 851 వస్తుంది. మొదటిసారి నేను చేసినప్పుడు ఎక్కడో అంకె తప్పు వేసి ఉంటాననుకుని మూడుసార్లు చూసుకున్నాను, అంత సరిగ్గా కలిసింది. పొరపడకండి, ఇది మరీ మంచి ఉదాహరణ, అన్నిటికీ ఇంత చక్కగా కుదరదు. నీళ్లు ఎక్కువయ్యేకొద్దీ కొన్ని తెగకుండా నీటి అణువులుగానే ద్రవంలో ఉండిపోతాయి. 1982లో స్టోల్పర్ ఇన్‌ఫ్రారెడ్‌తో గాజులా గడ్డకట్టిన ద్రవాల్లో రెండు రకాలనీ విడివిడిగా చూపించాడు. తక్కువ నీళ్లున్నప్పుడు హైడ్రాక్సిల్‌దే రాజ్యం, మూడు నాలుగు శాతం దాటాక అణువులది పైచేయి.

బండరాముడు
0.52ని వర్గం చేస్తే 850 డిగ్రీల రాయి కరిగింది. నాకు టెన్త్‌లో వర్గాలు చేస్తే వీపు పగిలింది.

మిద్దెతోట_అక్క
నాకు ఈ మోల్‌లు తెలియవు గానీ వంటింట్లో చూసింది చెప్తాను, తప్పయితే దిద్దండి. మా చిన్నది ఒకసారి పంచదార ఒట్టిదే మూకుట్లో పెట్టి స్టవ్ పెద్దది చేసింది, ఎంతసేపటికో గానీ కరగలేదు, కరిగేసరికి మాడింది. అదే నాలుగు చెంచాల నీళ్లు పోస్తే చిటికెలో పాకం. తర్వాత నీళ్లు పోయేకొద్దీ తీగ పాకం, ఉండ పాకం, ఇంకా వదిలేస్తే గిన్నెకి రాయిలా పట్టేస్తుంది. బాబు అడిగిన ప్రశ్న ఇదేనా? నీళ్లు ఉన్నంతసేపు పాకం, నీళ్లు పోతే రాయి.

ఎమ్మెస్సీ_తిప్పలు
అక్కా!!! రెండేళ్ల ఎమ్మెస్సీలో ఎవరూ ఈ మాట చెప్పలేదు.

డెక్కన్_ట్రాప్
పోలిక బాగుంది గానీ ఒక తేడా మర్చిపోవద్దు. పాకంలో నీళ్లు పోయేది మనం మంట పెట్టినందుకు. మాగ్మాలో మంట ఎవరూ పెంచలేదు, ఒత్తిడి తగ్గినందుకు పోతాయి. ఎగ్జామినర్ "వేడి తగ్గకుండా" అని అన్నది అందుకే.

లావా_లెక్కలు
కరెక్ట్. ఒత్తిడే ఇక్కడ మూత. రయొలైట్ (గ్రానైట్ సరుకే, లావాగా పైకొస్తే ఆ పేరు) ద్రవానికి 2 కిలోబార్ల దగ్గర దాదాపు ఆరు శాతం నీళ్లు పడతాయి, 1 కిలోబార్ దగ్గర నాలుగు. ఒత్తిడి సగమైతే నీళ్లు సగం కాలేదు చూడండి, వర్గమూలం లెక్కన తగ్గాయి. మళ్లీ అదే కారణం, ఒకటి రెండవడం. ఇదే లెక్క భూమి పైదాకా లాగితే ఒక బార్ దగ్గర పట్టేది 0.13 శాతం. అబ్సిడియన్ గాజు లావాలో నీళ్లు కొలిస్తే ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి.

ఇప్పుడు గ్రానైట్ సంగతి. 1958లో టటిల్, బోవెన్ అచ్చు వేసిన కొలతలు ఇప్పటికీ నిలబడ్డాయి. నీళ్లు నిండా ఉన్నప్పుడు గ్రానైట్ కరగడం మొదలయ్యే అతి తక్కువ వేడి అర కిలోబార్ దగ్గర 770, 1 కిలోబార్ దగ్గర 720, రెండు దగ్గర 685, మూడు దగ్గర 665, నాలుగు దగ్గర 655. పొడిగా, భూమి మీద, 960 దాకా పోవాలి. నీ మాగ్మా 700 దగ్గర ఉంది. ఏడు కిలోమీటర్ల లోతు అంటే రెండు కిలోబార్లకి కాస్త తక్కువ, అక్కడ ఈ అంకెలు కలిపి గీసిన కరిగే గీత 690 కింద ఉంది కాబట్టి నువ్వు ద్రవం. నాలుగు కిలోమీటర్ల దగ్గర గీత 715కి ఎక్కి కూర్చుంది, నువ్వేమో ఇంకా 700. గీత నిన్ను దాటి పైకి పోయింది. నువ్వు చల్లబడలేదు, నీ కింద నేల లేచింది.

ఎమ్మెస్సీ_తిప్పలు
అంటే మామూలు రాయికి గీత ఒకవైపు వాలితే దీనికి రెండోవైపు వాలింది. ఎందుకలా? ఒత్తిడితో కరిగే వేడి ఎలా మారుతుందో చెప్పే క్లాసియస్-క్లాపెయ్రాన్ సూత్రం అంతా ఒకటే కదా?

రిటైర్డ్_కెమిస్ట్రీ
ఒకటే. అందులో ఘనపరిమాణం మారే వైపు చూడు. పొడి రాయి కరిగితే కాస్త ఉబ్బుతుంది, ఒత్తిడికి ఉబ్బడం గిట్టదు, కాబట్టి ఒత్తిడి పెరిగితే కరగడం కష్టం. తడి రాయి విషయంలో కరగకముందు స్ఫటికాలతో పాటు ఆవిరి కూడా ఉంది, కరిగితే ఆ ఆవిరంతా ద్రవంలో ఒదిగిపోతుంది. మొత్తం మీద పరిమాణం తగ్గింది! ఒత్తిడికి తగ్గేది ఇష్టం. గుర్తు మారిపోయింది, అంతే. ఇంకోటి గమనించు, అమ్మాయి ఇచ్చిన అంకెల్లో అర నుంచి ఒకటికి యాభై డిగ్రీలు పడింది, మూడు నుంచి నాలుగుకి పది. తక్కువ ఒత్తిడిలో ఆవిరి బాగా ఉబ్బి ఉంటుంది కాబట్టి ఒదిగినప్పుడు తేడా ఎక్కువ. లోతుకి పోతే ఆవిరే చిక్కబడి నీళ్లలా అవుతుంది, ఇక ఒదగడానికి మిగిలేది తక్కువ.

చూసిపోయేవాడు
మూడేళ్లుగా చదివి వెళ్లిపోవడమే, మొదటిసారి రాస్తున్నా. సేవ్ చేసుకున్నా.

గూడూరు_కాకిబంగారం
మా నాన్న గూడూరు దగ్గర అభ్రకం గనిలో చేశారు. మా ఇంట్లో ఇప్పటికీ ఒక పలక ఉంది, పళ్లెమంత, ఎండకి పెడితే లేత ఆకుపచ్చగా కనబడుతుంది, గోరుతో తీస్తే ఉల్లిపొరలా లేస్తుంది. చిన్నప్పుడు దాన్ని స్లేటుకి చుట్టుకునేవాళ్లం. అంత పెద్ద స్ఫటికం నీళ్ల వల్లే పెరిగిందని ఒక ఫీల్డ్ ట్రిప్ వాళ్లు చెప్తే విన్నాను, నిజమేనా?

డెక్కన్_ట్రాప్
చాలావరకు నిజం. గ్రానైట్ గడ్డకట్టేటప్పుడు స్ఫటికాలకి అక్కర్లేనివన్నీ చివరి గుక్కెడు ద్రవంలో మిగులుతాయి, అందులో మొదటిది నీళ్లు. బోరాన్, ఫ్లోరిన్, లిథియం, బెరిల్ చేసే బెరీలియం అన్నీ అక్కడే. ఆ పల్చటి ద్రవంలో పరమాణువులు తేలిగ్గా తిరుగుతాయి, కొత్త స్ఫటికాలు పుట్టడం తక్కువ, ఉన్నవే పెరుగుతాయి. అదే పెగ్మటైట్. ఇంకో సంగతి, మీ నాన్నగారి పలక మస్కొవైట్ కదా, దాని బరువులో నాలుగున్నర శాతం నీళ్లే, హైడ్రాక్సిల్ రూపంలో.

గూడూరు_కాకిబంగారం
అంటే నేను స్లేటుకి చుట్టుకుంది నీళ్లా.

బండరాముడు
ఎవరైనా గోలీసోడా పోలిక చెప్తారని ఎదురుచూస్తున్నా. ప్రతి అగ్నిపర్వతం వీడియోలో సోడా తప్పదు.

డెక్కన్_ట్రాప్
సోడాతో నాకు గొడవ ఉంది. గ్యాస్ బయటికి వచ్చిన తర్వాత కూడా సోడా నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. మాగ్మా అలా ఉండదు, నీళ్లు పోయిన ద్రవం గమ్ములా బిగుసుకుంటుంది. సోడాలో గ్యాస్ పోవడమొక్కటే, ఇక్కడ గ్యాస్ పోవడం, బిగియడం రెండూ ఒకేసారి. పేలుడుకి అసలు కారణం ఈ రెండూ కలవడం. గ్యాస్ బయటికి పోదామనుకునే సమయానికి దారి మూసుకుంటుంది.

లావా_లెక్కలు
ఎంత బిగుస్తుందో అంకెల్లో చెప్తాను. 800 డిగ్రీల రయొలైట్, నీళ్లు 4 శాతం ఉంటే చిక్కదనం సుమారు లక్షన్నర పాస్కల్ సెకండ్లు. ఒక శాతానికి దిగితే రెండున్నర కోట్లు. 0.1 శాతానికి దిగితే 2300 కోట్లు! తేనె పది చుట్టుపక్కల ఉంటుంది, పోల్చుకోండి. మొదటి ఒక్క శాతం నీళ్లు చేసే పని ఎక్కువ, తర్వాత మూడు శాతం కలిపినా అంత మార్పు రాదు.

ఉబ్బడం సంగతి కూడా చూడండి. ఒక కిలో మాగ్మా అంటే అర లీటరు కూడా ఉండదు. అందులో 4 శాతం అంటే 40 గ్రాముల నీళ్లు. అవే 800 డిగ్రీల ఆవిరై భూమి మీద మామూలు గాలి ఒత్తిడికి వస్తే దాదాపు 195 లీటర్లు. అమెరికాలో సెయింట్ హెలెన్స్ 1980 మే 18న పేలినప్పటి మాగ్మాలో నీళ్లు నాలుగున్నర శాతం దగ్గరే.

మిద్దెతోట_అక్క
అయితే కరిగి ఉన్నప్పుడు అన్ని నీళ్లూ ఎక్కడ దాక్కున్నట్టు? చోటు పట్టదా?

లావా_లెక్కలు
పడుతుంది అక్కా, కానీ చాలా తక్కువ, ఒక మోల్‌కి 23 ఘన సెంటీమీటర్ల చుట్టూ. మామూలు నీళ్లు 18 పడతాయి. వెయ్యి డిగ్రీల వేడిలో ఉండి కూడా దాదాపు నీళ్లంత చోటులోనే సర్దుకుందన్నమాట. అయినా నీళ్ల బరువు తక్కువ కాబట్టి మాగ్మా తేలికవుతుంది. ఒక్క శాతం నీళ్లు కలిస్తే బసాల్ట్ సాంద్రత ఎంత తగ్గుతుందంటే 400 డిగ్రీలు వేడి పెంచితే తగ్గినంత. 1999లో కొలిచారు.

డెక్కన్_ట్రాప్
ఒక ప్రశ్న. తడి గ్రానైట్ పైకొస్తే గడ్డకడుతుంది సరే, మరి రయొలైట్ లావాలు భూమి మీదకి ఎలా వస్తున్నాయి? టటిల్, బోవెన్ గీత నిజమైతే అన్నీ కిందే చచ్చిపోవాలి.

లావా_లెక్కలు
చాలావరకు కిందే చస్తాయి, హైదరాబాద్ బండలు చూడండి. బతికి పైకొచ్చేవి మొదట్నుంచే వేడిగా ఉండి, నీళ్లు పట్టినంత పట్టనివి. 2009లో ఐస్‌లాండ్ క్రాఫ్లాలో భూగర్భంలోని వేడిని వాడుకోవడం కోసం బోరు వేస్తుంటే 2,100 మీటర్ల దగ్గర డ్రిల్లు నేరుగా మాగ్మాలోకి దిగింది, గాజు ముక్కలు పైకొచ్చాయి. అది రయొలైట్, వేడి 900, నీళ్లు 1.8 శాతం. నీళ్లు తక్కువ, వేడి ఎక్కువ, అలాంటిదైతే ప్రయాణం చేయగలదు. పొడిగా ఉన్న మాగ్మాకి చాలా దూరం పైకొచ్చేదాకా గీత అడ్డురాదు.

ఇంకో మెలిక. పైకొస్తూ గడ్డకట్టేటప్పుడు స్ఫటికాలు వేడిని వదులుతాయి. కాబట్టి మాగ్మా ఎక్కుతూ చల్లబడడం కాదు, వేడెక్కచ్చు కూడా. సెయింట్ హెలెన్స్ రాళ్లలో ఇలా వంద డిగ్రీల దాకా పెరిగిందని 2006లో చూపించారు.

ఎమ్మెస్సీ_తిప్పలు
గడ్డకడుతూ వేడెక్కుతుందా. వైవాలో ఇది అడగలేదు, బతికిపోయాను.

బండరాముడు
హైదరాబాద్ బండలు చూడండి అంటే, నేను రోజూ చూస్తూనే ఉన్నా. రెండువందల యాభై కోట్ల ఏళ్ల కింద పైకి వద్దామనుకుని దారిలో ఆగిపోయిన సరుకు అన్నమాట. ట్రాఫిక్ అప్పట్నుంచే ఉంది.

రిటైర్డ్_కెమిస్ట్రీ
నాకో సందేహం, అంత లోతులో నీళ్లు ఎక్కడివి? వాన నీళ్లు ఇంకి పోయాయా?

డెక్కన్_ట్రాప్
సముద్రం నీళ్లే. అండమాన్ బ్యారెన్ ద్వీపం చూడండి, మన దేశంలో నిప్పు కక్కేది అదొక్కటే. సముద్రపు పలక కిందకి దూరుతూ తడి ఖనిజాలని మోసుకుపోతుంది, నీళ్లు మాంటిల్‌లోకి వదులుతుంది.

గూడూరు_కాకిబంగారం
అన్నిటికీ సముద్రమేనా? మా నెల్లూరు గ్రానైట్‌కి కూడా?

లావా_లెక్కలు
అన్నిటికీ కాదు, ట్రాప్ అన్న కొంచెం తొందరపడ్డారు. బ్యారెన్ లాంటి చోట్ల అది నిజం, అక్కడి తరహా బసాల్ట్‌లలో నీళ్లు సగటున నాలుగు శాతం, సముద్రం నడిమధ్య పుట్టే బసాల్ట్‌లో పావు శాతం కూడా ఉండదు. కానీ ఖండంలో గ్రానైట్ పుట్టేటప్పుడు చాలావరకు నీళ్లు ఇచ్చేది అభ్రకమే. మస్కొవైట్ 700 దాటాక విరిగి తన నీళ్లు ద్రవానికి ఇస్తుంది, నల్ల అభ్రకం ఇంకా వేడి కావాలి. నీళ్లన్నీ లాగేసి పోగా మిగిలిన రాయి ఎలా ఉంటుందో చూడాలంటే తూర్పు కనుమల్లో చార్నొకైట్‌ల లాంటి పొడి రాళ్లు చూడండి.

డెక్కన్_ట్రాప్
ఒప్పుకుంటున్నా.

లావా_లెక్కలు
నా సొంత గోడు ఒకటి. మేం ఈ ప్రయోగాలు బంగారు గొట్టంలో చేస్తాం, అగ్గిపుల్లంత పొడుగు. రాతిపొడి నింపి, సిరంజితో ఒక్క చుక్క నీళ్లు వేసి, తడి టిష్యూ చుట్టి (లేకపోతే వేడికి నీళ్లు ఎగిరిపోతాయి) కొస వెల్డింగ్ చేసి మూయాలి. తర్వాత 110 డిగ్రీల్లో ఉంచి తూకం వేస్తే లీకు ఉందో లేదో తెలుస్తుంది. ఒకసారి రాత్రి పదకొండయింది, రెండు గొట్టాల్లో ఒకదాన్ని తూకం వేయకుండానే పెట్టేశాను. ఆర్గాన్‌తో 2 కిలోబార్లు, 750 డిగ్రీలు, వారం రోజులు. తీసి కోస్తే మొదటిదాంట్లో మెరిసే గాజు, సూది మొన అంత బుడగలతో. రెండోదాంట్లో నేను పోసిన బూడిద రంగు పొడి పోసినట్టే ఉంది, వేలికి అంటింది. వెల్డింగ్‌లో కంటికి కనబడనంత రంధ్రం. ఒకే పొయ్యి, ఒకే వేడి, ఒకే ఒత్తిడి. తేడా ఒక్క చుక్క. మా గైడ్ తిట్టలేదు, ఆ రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టి కొత్తగా చేరిన పిల్లలకి చూపిస్తున్నారు. అదింకా పెద్ద శిక్ష.

ఎమ్మెస్సీ_తిప్పలు
ఈ ఫొటో ఉంటే పెట్టండి మేడమ్, మా నోట్సులో ఆ ఒక్క లైను తీసేసి ఇది అంటిస్తాను.

మిద్దెతోట_అక్క
ఒక చిన్న డౌటు. నేను కుండీల్లో మట్టిలో కలిపే పెర్లైట్ కూడా అగ్నిపర్వతం రాయే అంటారు, అది కూడా నీళ్లతో పేలిందేనా? పేలాల్లా తెల్లగా తేలిగ్గా ఉంటుంది.

డెక్కన్_ట్రాప్
అచ్చం పేలాలే అక్కా. గాజు రాయిలో రెండు నుంచి అయిదు శాతం నీళ్లు, 850, 900 డిగ్రీలకి ఒక్కసారిగా వేడి చేస్తే గాజు మెత్తబడుతుంది, నీళ్లు ఆవిరై ఉబ్బిస్తాయి, నాలుగు నుంచి ఇరవై రెట్లు. అయితే ఆ నీళ్లు చాలావరకు మాగ్మావి కావు. లావా చల్లారాక భూగర్భజలం మెల్లగా గాజులోకి ఇంకింది.

మిద్దెతోట_అక్క
మరి మే నెల ఎండకి మిద్దె మీద మళ్లీ పేలదు కదా?

డెక్కన్_ట్రాప్
పేలదు. దాంట్లో నీళ్లు ఫ్యాక్టరీలోనే అయిపోయాయి. మీరు పోసేవి రంధ్రాల్లో ఉంటాయి, గాజులోకి దూరవు.

మిద్దెతోట_అక్క
హమ్మయ్య. టొమాటో నారు నిన్ననే పెట్టాను.